ముగ్గురు పిల్లల్ని బండెక్కించుకున్నాను, అదీ నా నేరం

పొద్దున్నే పై ఆఫీసు సారు నుంచి ఫోనులో అక్షింతలు పడ్డాయి. నేను చేసిన ఘోరం ఏంటంటే, ముగ్గురు పిల్లల్ని క్లినిక్ బండిలో బడి దగ్గర దింపాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం: నేను నర్సుని. ఆస్ట్రేలియా నడిమధ్యన, ఆలిస్ స్ప్రింగ్స్ దాటి తనామీ రోడ్డు పట్టుకుంటే వచ్చే ఎడారిలో, వార్ల్‌పిరి అనే ఆదివాసుల ఊళ్ళో పని. ఊరికి అవతల ఆరు కిలోమీటర్ల దూరంలో నాలుగిళ్ళున్నాయి. ఒక అవ్వకి మందులిచ్చి వస్తుంటే, నీళ్ళ ట్యాంకు నీడలో పిల్లలు నిలబడి ఉన్నారు. కాళ్ళకి చెప్పుల్లేవు, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. పిల్లల్ని ఎక్కించుకునే బడి జీపు, ఇక్కడ ట్రూపీ అంటారు, దానికి టైరు పోయిందట. పిల్లల్ని బడికి చేర్చడానికి 2014లో పెట్టిన పథకం ఒకటుంది, పసుపు చొక్కాల వాళ్ళు తిరుగుతారు. వాళ్ళని ఏమీ అనను, పాపం ఆ ఊరివాళ్ళే. ఒక్క బండి ఎన్ని ట్రిప్పులేస్తుంది?

అవ్వని అడిగాను. మూతితో రోడ్డు వైపు చూపించింది. అంటే తీసుకుపో అని. ఎక్కించుకున్నాను.

ఎక్కడో ఏసీలో కూర్చున్న సారుకి మాత్రం అమ్మానాన్నల సంతకంతో ఫారం కావాలి! పిల్లలతో పని చేయొచ్చని పోలీసు రికార్డులన్నీ తిరగేసి ఇచ్చిన ఓకర్ కార్డు నా మెడలోనే వేలాడుతోంది, అది చాలదట. ఒకప్పుడు బడికి రాకపోతే అమ్మానాన్నల భత్యం ఆపేస్తామన్నారు. ఇప్పుడు వస్తామని రోడ్డు మీద నిలబడితే ఫారం! 1970ల దాకా సర్కారే ఈ ఆదివాసుల పిల్లల్ని తల్లుల చేతుల్లోంచి లాక్కుపోయింది కదా, అప్పుడు ఏ అమ్మ సంతకం తీసుకున్నారు సార్? 2008 ఫిబ్రవరిలో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు లెండి. సర్కారు బండి చూస్తే ఇప్పటికీ కొందరు ముసలమ్మల మొహం మారిపోతుంది. అడిగి ఎక్కించుకున్నది అందుకే.

సరే, సారు సంగతి వదిలేయండి. అసలు మంట మన మెల్‌బోర్న్ తెలుగు గ్రూపులో. బాధ చెప్పుకుంటే ఒకాయన, "వాళ్ళతో నీకెందుకమ్మా, వాళ్ళకి ఒక పద్ధతా పాడా" అన్నాడు. అన్నయ్యా, వాళ్ళు నాకు నంగల అని పేరు పెట్టి, ఊరందరితో వరస కలిపారు. బండెక్కగానే ఆ చిన్నది వేళ్ళ మీద లెక్కేసుకుని, నేను తనకి అత్తనవుతానని తేల్చింది. అల్లుడు అత్తగారి ఎదుటే పడడు అక్కడ. మీ ఇంట్లో ఏ అల్లుడికుందండీ ఆ మర్యాద? ఆ పిల్ల నా బొట్టు మీద వేలు పెట్టి ఇదేంటని అడిగింది. పెయింటు అన్నాను. "మేమూ పెట్టుకుంటాం, సెరిమనీకి" అంది.

ఇంతకీ ఆ అన్నయ్యది మా పక్క ఊరే. పాస్ పిల్లలని చూడగానే బస్సు స్పీడు పెంచితే, దుమ్ములో పుస్తకాలు పట్టుకుని ఇద్దరం వెనకాల పరిగెత్తినవాళ్ళమే. ఒకరోజు టమాటాల ఆటో ఆయన ఎక్కించుకున్నాడు. ఏ ఫారం అడిగాడన్నయ్యా నిన్ను?

టైరు ఇంకా రాలేదట. రేపు ఏడున్నరకి అవ్వకి షుగర్ చూడాలి, అదే దారి.