యతి తప్పితే చెబుతారు, కవిత తప్పితే?

మూడేళ్ల కిందట ఒక వాట్సాప్ పద్య సమూహంలో నేను పెట్టిన మొదటి ఆటవెలదిలో రెండో పాదం ఇలా ఉండేది: "వాన రాక చూచి రైతు మురిసె." పెట్టిన పది నిమిషాల్లోనే ఒక విశ్రాంత తెలుగు పండితులు స్పందించారు. "భావం బాగుంది నాయనా, యతి చూసుకో. 'వా'కు 'రై' చెల్లదు. ప్రాసయతి అనుకుందామన్నా 'న'కు 'త' కుదరదు" అన్నారు. పాదం మొదటి అక్షరానికి, పాదం మధ్యలో నియమించిన చోట వచ్చే అక్షరం సరిపోలాలన్నదే యతి; అది కుదరనప్పుడు ఆ రెండింటి పక్క అక్షరాలు కలిసేలా చూసుకోవడం ప్రాసయతి. ఆ వెంటనే ఇంకొకరు 'రైతు' తీసేసి 'వాడు' వేస్తే గొడవ వదిలిపోతుందని సలహా ఇచ్చారు: "వాన రాక చూచి వాడు మురిసె." సాయంత్రానికి ఒక మిత్రురాలు పాదాన్నే తిరగరాసి పంపారు: "రైతు గుండె పొంగె రాలఁ జినుకు." ఆ పాదానికి కావలసిన ఐదు సూర్యగణాలూ (మూడేసి మాత్రల కొలతలు) సరిపోయాయి, 'రై'కి 'రా' చెల్లింది. "సవరించాను, ధన్యవాదాలు" అంటూ పద్యాన్ని మళ్ళీ పెట్టాను. తప్పు నలుగురిలో దొరికినందుకు చిన్నతనం అనిపించలేదు సరికదా, ఆ రోజంతా ఏదో నేర్చుకున్న ఉత్సాహమే మిగిలింది.

అదే నెలలో ఫేస్‌బుక్‌లోని ఒక కవితా వేదికలో నా వచన కవిత ఒకటి పెట్టాను. నలభై మందికి పైగా స్పందించారు. "అద్భుతం", "చాలా బాగుంది సార్", "మనసును హత్తుకుంది", ఆపైన చప్పట్లు, పూలగుత్తులు. ఇరవై పంక్తుల ఆ కవితలో 'చీకటి' అనే మాట ఐదు చోట్ల వచ్చిందనీ, అందులో మూడు చోట్ల దానితో ఏ పనీ లేదనీ నాకే కొన్ని నెలల తర్వాత తెలిసింది. ఆ నలభై మందిలో ఒక్కరికైనా అది కనబడలేదంటే నేను నమ్మను. కనబడినా చెప్పడానికి అక్కడ దారి లేదు.

అంతర్జాలంలో తెలుగు కవిత్వం పెరిగిందా, పలచబడిందా అనే చర్చ తరచూ రాశి చుట్టూ, నాణ్యత చుట్టూ తిరుగుతుంది. నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు. ఔత్సాహిక కవి పెట్టిన రచనకు అతడు దాన్ని తిరగరాసేటట్టు చేయగల స్పందన ఎక్కడ దొరుకుతోంది, ఎక్కడ దొరకడం లేదు, ఎందుకు దొరకడం లేదు?

పద్య సమూహాల్లో అది దొరకడానికి కారణం అక్కడివారు మరింత నిజాయితీపరులు కావడం కాదు. తప్పును కొలిచే కొలబద్ద కవి చేతిలోనూ లేదు, విమర్శించేవారి చేతిలోనూ లేదు. ఇద్దరికీ బయట, ఇద్దరికంటే ముందునుంచీ ఉంది. "మీ పద్యంలో యతి తప్పింది" అన్న మాటలో "మీకు కవిత్వం రాదు" అన్న ధ్వని లేదు. పైగా ఈ అలవాటు అంతర్జాలంతో పుట్టినది కాదు. అవధాన సభల్లో పృచ్ఛకుడు ఇచ్చిన సమస్యను (అర్థం పొసగని పద్యపాదాన్ని) అవధాని నలుగురి ఎదుటా పూరించడం, ఆకాశవాణి సమస్యాపూరణం కార్యక్రమానికి శ్రోతలు ఉత్తరాల మీద పద్యాలు పంపడం, ఊళ్ళలో తెలుగు మాస్టార్లు శిష్యుల పద్యాలను ఎర్ర సిరాతో దిద్దడం అన్నీ ఈ పరంపరలోవే. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు తెలుగును రోమన్ లిపిలో రాసే పద్ధతి ఒకటి ఏర్పరచుకుని యూజ్‌నెట్ అనే తొలినాటి అంతర్జాల చర్చావేదికల్లో పద్యాలు రాసుకున్నప్పుడు కూడా ఈ దిద్దుకునే అలవాటు వారి వెంటే వెళ్ళింది. లిపి మారినా యతి నియమం మారలేదు కదా! ఇప్పుడైతే గణాలనూ యతిప్రాసలనూ లెక్కగట్టి చూపే 'ఛందం' వంటి ఉపకరణాలు ఉన్నాయి కాబట్టి పద్యం సమూహానికి చేరకముందే సగం తప్పులు తొలగిపోతున్నాయి. మిగిలిన సగం మీద వాదాలు నడుస్తాయి. అఖండయతిని (సంధిలో కలిసిపోయిన అక్షరానికి, పదాలను విడదీయకుండానే యతి చెల్లించడాన్ని) ఒప్పుకోవచ్చా లేదా అన్న దాని మీద అర్ధరాత్రి దాకా పట్టు విడవకుండా వాదించుకునే పెద్దలను, పదిహేడో శతాబ్దంలో ఛందోలక్షణాలు రాసిన అప్పకవి పక్కగదిలోనే ఉన్నట్టు ఆయన మాటను సాక్ష్యానికి పిలిచేవారిని నేను చూశాను. చూడముచ్చటగానే ఉంటుంది.

అయితే ఈ దిద్దుబాటు ఎక్కడ ఆగిపోతుందో కూడా చూడాలి. నా పాదానికి వచ్చిన మొదటి సలహాను మళ్ళీ చదవండి. 'రైతు' పోయి 'వాడు' వచ్చాడు. యతి నిలబడింది, మనిషి మాయమయ్యాడు. ఆ వాన ఎవరిదో, ఆ మురిపెం ఎందుకో చెప్పే ఒకే ఒక్క మాట నియమం కోసం తొలగిపోతే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రెండో సలహా అంతకంటే మేలైనదే, రైతును నిలబెట్టింది. కానీ 'గుండె పొంగడం' అరిగిపోయిన నాణెం. వానకు గుండె పొంగని రైతు తెలుగు పద్యంలో ఎక్కడున్నాడు? విత్తనాలు కొనడానికి చేసిన అప్పు, ఆలస్యమైన నైరుతి, తడిసీ తడవని ఎర్రనేల, ఇవేవీ ఆ పాదంలో లేవు. ఛందస్సు కుదిరిందన్న తృప్తిలో నాకూ అప్పుడు ఇది తోచలేదు, సమూహంలో ఎవరికీ తోచలేదు.

సమస్యాపూరణంలో ఈ ధోరణి ఇంకాస్త ముదురుతుంది. ఏదో అసంబద్ధమైన వాక్యం సమస్యగా ఇస్తారు. దాని చివర "అనుట తగునె" అన్న అర్థం వచ్చేలా మలిచి చేతులు దులుపుకోవడం, ప్రశ్నోత్తరాలుగా విరగ్గొట్టడం, క్రమాలంకారంలో (ముందు చెప్పినవాటికి తగినవాటిని అదే వరుసలో) పేర్చడం వంటి సులువు దారులు అందరికీ తెలుసు. చమత్కారం అలవాటైన చేతికి అనుభవాన్ని పట్టుకోవడం కష్టమవుతుంది. తెల్లవారగానే సమస్య, మధ్యాహ్నానికి పూరణలు, రాత్రికి అభినందనలు, మర్నాడు మరో సమస్య అనే ఈ చక్రంలో పద్యం ఆయుష్షు ఒక్క రోజు. సాధనగా దీనికి విలువ ఉంది. వేళ్ళకు పద్యం నడక పట్టుబడడానికి ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు. సాధననే కచేరీ అనుకోవడంతోనే ఇబ్బంది.

ఇక వచన కవిత సంగతి. కవి కుందుర్తి ఆంజనేయులు 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ స్థాపించి వచన కవితను ఒక ఉద్యమంగా నడిపిన కాలంలో ఛందస్సును వదులుకోవడమంటే కొలతలన్నిటినీ వదులుకోవడం కాదు. పంక్తిని ఎక్కడ విరవాలి, ఏ మాట అక్కర్లేదు, ఏ పోలిక నిలుస్తుంది అన్న కొలతలు అప్పటి కవులకు ఉన్నాయి. వాటి మీద పత్రికల్లోనూ సభల్లోనూ ఘాటైన వాదనలూ జరిగాయి. ఈ కొలతలు యతిలాగా లెక్కకు దొరకవు. చదివీ చదివీ, ఒకరితో ఒకరు వాదించుకుని సంపాదించుకోవాలి. అంతర్జాలం లక్షల మందికి రాసే చోటు ఇచ్చింది గానీ ఆ వాదించుకునే తీరికను వెంట తేలేదు. 1998లో మొదలైన 'ఈమాట' వంటి అంతర్జాల పత్రికల్లో కవిత కింద పాఠకులు నిలబడి, పంక్తులను ఎత్తి చూపి మాట్లాడిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ సంపాదకులు ఉన్నారు, కవిత నెలల తరబడి అదే చోట నిలిచి ఉంటుంది. వాట్సాప్‌లో అది సాధ్యం కాదు. 2022లో ఒక్కో సమూహంలో 1,024 మంది వరకు చేరే వీలు కలిగాక, పొద్దున పెట్టిన కవిత మధ్యాహ్నానికి ఎంత పైకి జరిగిపోతుందో వేలితో తోసుకుంటూ వెతికినవారికి తెలుసు.

ఈ సమూహాల్లో స్పందన చాలావరకు ఇచ్చిపుచ్చుకోవడంగా మారింది. నా కవితకు మీరు చప్పట్లు కొడితే మీ కవితకు నేను కొడతాను. కొట్టకపోతే అది ఇద్దరికీ గుర్తుంటుంది. 'అమ్మ', 'రైతు', 'స్నేహం' అని రోజుకో అంశం. లేదా ఒక బొమ్మ ఇచ్చి దానికి చిత్రకవిత. కవిత కింద చిరునామా, ఫోను నంబరు, ఆ కింద "ఇది నా సొంత రచన, దేనికీ అనుకరణ గానీ అనువాదం గానీ కాదు" అని హామీ పత్రం. కవితను ఎవరూ శంకించకముందే కవి ప్రమాణం చేయవలసి రావడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది. వారాంతంలో పాల్గొన్న ప్రతివారికీ ఫోటోతో, పూల అంచుతో ఒక ప్రశంసాపత్రం వస్తుంది, కొన్నిచోట్ల బిరుదు కూడా. కొన్నాళ్లకు తలా ఇంత చందా వేసుకుని సంకలనం, దానికో ఆవిష్కరణ సభ, శాలువాలు. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయడం లేదు. అందరికీ అన్నీ తెలుసు. ఒక్క కవిత మాత్రం మొదటి రోజు ఎలా ఉందో సంకలనంలోనూ అలాగే ఉంటుంది.

దగ్గరగా చూడడానికి ఒక చిన్న కవిత అనుకుందాం. ఇది ఎవరిదో కాదు, ఈ వ్యాసం కోసం నేనే అల్లినది:

నాన్న చెప్పులు
గుమ్మం బయటే ఉన్నాయి ఇంకా
ఎవరూ తొడుక్కోరు
ఎవరూ తీయరు
మరణం ఎంత క్రూరమైనదో కదా!

ఇది సమూహంలో పడితే ప్రశంసలన్నీ చివరి పంక్తికే వెళ్తాయని పందెం కాయగలను. "చివరి పంక్తి కంటతడి పెట్టించింది" అంటారు. నిజానికి ఆ పంక్తి కవితను చంపేసింది. గుమ్మం బయటి చెప్పులు నాలుగు పంక్తుల్లో చెప్పేసినదాన్ని ఐదో పంక్తి డప్పు కొట్టి మళ్ళీ చెబుతోంది. "చివరి పంక్తి తీసేసి చదవండి, 'ఎవరూ తీయరు' దగ్గర ఆగితే ఎలా ఉంటుందో చూడండి" అని ఒక్కరు అంటే చాలు, ఆ కవి ఆ రోజే ఒక మెట్టు ఎక్కుతాడు. 'వా'కు 'రై' చెల్లదన్న మాటకు ఇది దీటైన మాటే. దీనికి లక్షణ గ్రంథం ఆధారం ఉండదు, చెప్పేవారి అభిరుచే ఆధారం. అందుకే చెప్పడానికి ధైర్యం కావాలి, వినడానికి నమ్మకం కావాలి. వెయ్యి మంది చూస్తున్న చోట ఆ రెండూ పుట్టడం కష్టం కాబట్టే, మన దగ్గర నిజమైన అభిప్రాయాలు చాటుకు తప్పుకున్నాయి. "విడిగా మెసేజ్ పెట్టాను, చూడండి" అన్న మాట వినబడిందంటే అసలు విమర్శ అక్కడుందని అర్థం. దాంతో ఆ కవి ఒక్కడే నేర్చుకుంటాడు; మిగిలినవారందరికీ ఆ ఐదో పంక్తి గొప్పదన్న అభిప్రాయమే మిగులుతుంది. నానీల వంటి లఘురూపాల్లో నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు అన్న లెక్క ఉంది కాబట్టి కొంత దిద్దుబాటు బహిరంగంగానే జరుగుతుంది. అయితే అదీ అక్షరాలు లెక్కపెట్టడం దగ్గరే ఎక్కువగా ఆగుతుంది.

"కొత్తగా రాసేవారిని మొదటే విమర్శిస్తే మానేస్తారు" అన్న వాదనను తేలిగ్గా తీసిపారేయలేను. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరులో గడిపి, పదవీ విరమణ తర్వాత కలం పట్టినవారు, పిల్లలు నిద్రపోయాక వంటగది బల్ల మీద ఫోనులో రాసుకునే గృహిణులు, డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ వారానికి నాలుగు తెలుగు మాటలు రాస్తేనే ప్రాణం కుదుటపడేవారు, వీళ్ళు తిరుగు టపాకు స్టాంపులు జతచేసి పంపినా నెలల తరబడి జవాబు రాని పత్రికల కాలంలో ఎక్కడ ఉండేవారు? వారికి "బాగుంది" అన్న మాట ఊపిరి. ముఖ్యంగా ఆడవాళ్ల కవితలకు సాహిత్యంతో సంబంధం లేని 'అభిమానం' ఇన్‌బాక్సుల్లో ఎంత వచ్చిపడుతుందో వింటూనే ఉన్నాం. ఆ అనుభవం తర్వాత విడిగా వచ్చే ఏ 'సలహా'నైనా అనుమానంతో చూడడం వారి తప్పు కాదు. సలహా బహిరంగంగా, మర్యాదగా, పంక్తి చూపి ఉండాలనడానికి ఇదీ ఒక కారణమే. పైగా ప్రోత్సాహానికీ దిద్దుబాటుకూ వైరం ఉందన్న నమ్మకాన్ని పద్య సమూహాలు రోజూ అబద్ధం చేస్తూనే ఉన్నాయి. యతి తప్పిందని చెబితే ఎవరూ పద్యం మానేయడం నేను చూడలేదు. మర్నాడు ఇంకో పద్యంతో వస్తారు.

కాబట్టి ఒక కవితా సమూహం ఎలా ఉందో తెలుసుకోవడానికి నేను సభ్యుల సంఖ్యనూ, ప్రశంసాపత్రాలనూ చూడను. 'సవరించిన కవిత' అన్న శీర్షికతో రచనలు ఎన్ని వస్తున్నాయో చూస్తాను. పద్యం రాసేవారిలో ఈ అలవాటు ఎప్పటినుంచో ఉంది, కానీ అది గణయతుల సవరణకే పరిమితం. వచన కవుల్లో ఆ అలవాటే అరుదు. నాకు తెలిసిన ఒక చిన్న బృందం మాత్రం గత ఏడాదిగా వేరే పద్ధతి పాటిస్తోంది. పన్నెండు మందే సభ్యులు. రోజుకో అంశం లేదు. వారానికి ఒకే ఒక్క కవిత. పెట్టినవారు "ఎలా ఉంది" అని అడగకూడదు, "చదువుతుంటే ఎక్కడ ఆగిపోయారు" అని మాత్రమే అడగాలి. స్పందించేవారు కనీసం ఒక పంక్తిని ఎత్తి చూపాలి. చప్పట్ల బొమ్మలు నిషిద్ధం. మొదటి నెలలో ఇద్దరు అలిగి వెళ్లిపోయారు, వారిలో ఒకరు తిరిగి వచ్చారు.

కిందటి నెల నా వంతు వచ్చినప్పుడు ఆ పాత ఆటవెలదినే పెట్టాను, యతి మాట ఎత్తవద్దని ముందే చెప్పి. ఒక అమ్మాయి, పాలమూరు వైపు ఊరు ఆమెది, "గుండె పొంగె" దగ్గర ఆగిపోయానని రాసింది. మొదటి వాన పడ్డప్పుడు వాళ్ల నాన్న పొంగిపోలేదట. గుమ్మంలో నిలబడి, అరచేయి బయటికి చాచి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. ఆ అరచేయిని ఆటవెలదిలో ఎక్కించడానికి మూడు వారాలుగా తంటాలు పడుతున్నాను. యతి ఇంకా కుదరలేదు.