అట్టపెట్టె మీది 20 హెర్ట్జ్ గారికి

మహారాజశ్రీ 20 హెర్ట్జ్ గారికి, విశాఖ మర్రిపాలెం నుంచి, పాట విడుదలకు ముందు చివరిసారి శబ్దం సరిచేసే ఒక మాస్టరింగ్ ఇంజనీరు నమస్కరించి రాయునది.

స్పీకర్ల జత కొందామని నిన్న మధ్యాహ్నమంతా ద్వారకానగర్‌లో మీరు కొలువున్న షోరూంలోనే గడిపాను. ఏసీ చల్లగా ఉంది, టీ కూడా ఇచ్చారు. మీ దర్శనం మాత్రం కాలేదు.

పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్నారు: ‘20 హెర్ట్జ్ – 20 కిలోహెర్ట్జ్’. అంటే మనిషి చెవికి అందే అతి లోతైన స్వరం నుంచి అతి సన్నని స్వరం దాకా అన్నీ పలుకుతాయని. లోపల లోతు స్వరాలు పలకడానికి ఉన్నదేమో ఐదంగుళాల వూఫరు. ఎన్ని డీబీ (డెసిబెల్, శబ్దం హెచ్చుతగ్గుల కొలత) తేడాతో అని అడిగాను. ప్లస్ ఆర్ మైనస్ 3 అంటే మిగతా స్వరాలతో దాదాపు సమానంగా పలికినట్టు, మైనస్ 10 అంటే బాగా తగ్గిపోయినట్టు కదా. సేల్స్ కుర్రాడు పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూసి, “20 అంటే 20యే సార్, కంపెనీ వాళ్లు ఊరికే వేస్తారా?” అన్నాడు.

ఊరికే వేస్తారు నాయనా! ఒక్కో ఆక్టేవ్ కిందికి దిగేకొద్దీ, అంటే హెర్ట్జ్ సగమైనప్పుడల్లా, అంతే శబ్దానికి వూఫరు ముందు ఊగే కోన్ నాలుగింతలు ఊగాలి. 80 నుంచి 20కి వచ్చేసరికి పదహారింతలు. ఐదంగుళాల కోన్ అంత ఊగితే బయటికొచ్చి నా ఒళ్లో కూర్చుంటుంది.

అయినా పాట పెట్టగానే గది అదిరింది. ఒక్క క్షణం మిమ్మల్ని అనుమానించినందుకు సిగ్గుపడబోయాను. అంతలో టేబుల్ కింద నీలం లైటు కనపడింది. సబ్‌వూఫరు, లోతు స్వరాల కోసమే పెట్టే వేరే స్పీకరు! దాన్ని ఆపమన్నాను. ఆపగానే బేస్ గిటారుతో పాటు తమరు కూడా మాయం. మా ఇంటి వెనక గూడ్సు బండి పోతే నేల అదురుతుందే, ఆ పాటి ఉనికి కూడా లేదు తమకి.

మిగతా మర్యాదల గురించి ఎక్కువ చెప్పను. ఖరీదైన జతకు వాల్యూం కాస్త పెంచి వినిపించారు. ఒకట్రెండు డీబీలు పెంచితే ఏదైనా బాగున్నట్టే ఉంటుంది మరి. నా పెన్‌డ్రైవు పెట్టమంటే వైరస్ వస్తుందన్నారు. ఈ ఊరి ఉప్పుగాలికీ చెమ్మకీ కోన్ చుట్టూ ఉండే ఫోం రింగు పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరుది చూపించమంటే స్టాకు లేదన్నారు. ఇంట్లో పెట్టుకుని విని చూడండి సార్ అని ఫోన్లో చెప్పినవాళ్లే, తీరా వెళ్తే సీలు తీస్తే వాపసు లేదన్నారు. నా గది పొడవు 12 అడుగులు. 47 హెర్ట్జ్ దగ్గర గోడలే పాడతాయి. ఆ గదిలో వినకుండా షోరూంలో విని కొనడమేంటి?

అవన్నీ పోనీ. నువ్వు మాత్రం పోవు.

నేను వినలేనిదాన్ని సరిచేయలేను. నువ్వున్నావని నమ్మి, లోతు స్వరాల్లో ఏమీ వినపడకపోతే అక్కడ ఏమీ లేదనుకుని పాట పంపేస్తాను. క్లయింటు దాన్ని బీచ్ రోడ్డులో కారులో పెడితే తలుపులు గడగడలాడతాయి. తిట్లు నాకు. నువ్వేమో అట్టపెట్టె మీద పెళ్లికొడుకులా నవ్వుతూ ఉంటావు. నీ పక్కన ఒక ప్లస్సు, ఒక మైనస్సు, ఒక అంకె. అంతేగా అడిగింది! సిరా కరువొచ్చిందా? మైనస్ 10 అని వేసుకో, మైనస్ 20 అని వేసుకో. వేసి చావు!

నా పాత జత పెట్టె మీద 54 హెర్ట్జ్ అని ఉంది, పక్కనే ప్లస్ ఆర్ మైనస్ 3 అనీ ఉంది. ఒకటి కొంచెం గరగరమంటుంది, రెండోదాని పెయింటు లేచిపోయింది. కానీ ఎక్కడిదాకా నమ్మొచ్చో అవే చెప్పేశాయి. ఆ కింద ఏముందో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మీటరు చూసుకుని తేల్చుకుంటున్నాను. అంతవరకు తమరు పెట్టె మీదే సుఖంగా ఉండండి.

ఇట్లు,
కొనని మనిషి

తా.క. ఆ కుర్రాడు పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. సబ్‌వూఫరుతో కలిపి తీసుకుంటే డిస్కౌంటట.