ములుగు రోడ్డు పేటెంట్ ఆఫీసు

దేశంలో పేటెంట్ (కొత్తది కనిపెట్టినవారికి దాని మీద ప్రభుత్వం ఇచ్చే హక్కు) సమాచారం జనానికి అందడం లేదని బాధపడే మేధావులు ఒకసారి వరంగల్ ములుగు రోడ్డుకు రావాలి. పత్తి చేనులో కలుపు తీయడానికి ఎవరో రైతు పాత బైకుకు గుంటుక బిగిస్తే చాలు, వారం తిరక్కముందే నాలుగు వెల్డింగ్ షాపుల ముందు అదే గుంటుక కనిపిస్తుంది. వాటిలో ఒక షాపాయన దానికి ఇంకో చక్రం తగిలించి "ఒరిజినల్ మాదే" అంటాడు కూడా.

ప్రభుత్వానికి ఇంత చురుకుదనం ఎక్కడిది? పేటెంట్ దరఖాస్తును మామూలుగా 18 నెలలు దాచి, అప్పుడు గానీ జర్నల్‌లో వేయదు. మన దగ్గర చాయ్ చల్లారేలోపే ప్రచురణ అయిపోతుంది, అదీ తెలుగులో. ప్రభుత్వం దగ్గర మాత్రం దరఖాస్తు కాగితాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలని రూలు. కాబట్టి గుంటుక కనిపెట్టిన రైతు, తాను ఏం కనిపెట్టాడో ఆ కాగితాలు రాసిపెట్టే పేటెంట్ ఏజెంటును అడిగి తెలుసుకోవాలి. చెన్నై పేటెంట్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టే ఫీజు మనిషికి 1,600 రూపాయలే, పాపం. ఏజెంటు ఫీజు ఎంతో చట్టంలో రాయలేదు.

ఈ మాట అనగానే ఆలేరు పక్కన శారాజీపేట చింతకింది మల్లేశం గారిని చూపిస్తారు. చీర నేతకు ముందు చేత్తో పోసే ఆసుకు యంత్రం చేశారు, పేటెంట్ తెచ్చుకున్నారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. నిజమే. ఒకాయన ఈది ఒడ్డు చేరాడంటే ఇక వాగు మీద వంతెన ఎందుకు?

ఊరి పేరుతో సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ)ల్లోనూ మనకు లోటు లేదు. వరంగల్ దర్రీలకు 2018లో, చపాటా మిర్చికి 2025లో వచ్చింది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనే ఆయన మాత్రం ఇప్పటికీ సర్టిఫికెట్ అడగడు, తేమ ఎంతుందని అడుగుతాడు.

అసలు చిక్కు వేరే ఉంది. దరఖాస్తు పెట్టేనాటికి యంత్రం కొత్తదై ఉండాలి, అంతకుముందే పదిమందిలో నడిపి చూపిస్తే చాలావరకు హక్కు పోయినట్టే. కేంద్రం గెజెట్‌లో నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌లో చూపిస్తే 12 నెలల వెసులుబాటు ఉంది. చేను గట్టు మీద చూపిస్తే లేదు. కనుక రైతు సోదరులకు మనవి: ఇకమీదట కలుపు అర్ధరాత్రి తీయండి. టార్చి పట్టడానికి వచ్చిన బావమరిదితో ముందుగా గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టించుకోండి. అలిగితే దసరాకు పిలిచి సర్ది చెప్పుకోవచ్చు, పోయిన 20 ఏళ్ల హక్కుకు ఎవరు సర్ది చెబుతారు?