పనిలేకుండా బస్సెక్కితే తప్పేంటి?

"పని లేకపోయినా ఎక్కి తిరుగుతున్నారు." మహిళలకు ఉచిత బస్సు గురించి మాటొస్తే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అనేస్తారు. తెలంగాణలో మహాలక్ష్మి మొదలైన 2023 డిసెంబరు 9 నుంచి వింటున్నాం. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి వచ్చాక అక్కడా ఇదే మాట. విచిత్రం ఏమిటంటే పథకాన్ని సమర్థించేవాళ్లు కూడా దీనికి సంజాయిషీ చెప్పుకుంటున్నారు. లేదండీ, ఉద్యోగాలకు వెళ్తున్నారు, ఆస్పత్రికి వెళ్తున్నారు, కాలేజీకి వెళ్తున్నారు అంటారు. సంజాయిషీ దేనికి? పనిలేకుండా కూడా తిరుగుతున్నారు, తిరగనివ్వండి. ఈ పథకం వల్ల జరిగిన అన్నిటికన్నా పెద్ద మేలు అదే.

మా చిన్నమ్మ సిరిసిల్ల దగ్గర ఒక పల్లెలో బీడీలు చుడుతుంది. ఆమె చెల్లెలు జగిత్యాల వైపు ఉంటుంది. బస్సు కిరాయి ఎవరికీ భారమయ్యేంత పెద్దదేం కాదు. కానీ దాన్ని అడగాలి. అడిగితే ఎందుకంటారు, మొన్ననే పోయొచ్చినవు కదా అంటారు, పొద్దుగూకేలోగా వస్తవా అంటారు. బీడీల డబ్బు తనదే అయినా అది వచ్చినరోజే ఇంటి ఖర్చులో కలిసిపోయేది. ఇన్ని జవాబులు చెప్పలేక పెళ్లికో చావుకో తప్ప ఆమె కదిలేది కాదు. ఇప్పుడు పొద్దున్నే వంట చేసి, బీడీల చాట గూట్లో పెట్టి, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని బస్సెక్కుతుంది. కండక్టరు డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. చెల్లెలితో నాలుగు ముచ్చట్లు చెప్పుకుని, చాయ్ తాగి, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఏం పనిమీద పోయినవు చిన్నమ్మా అంటే, "ఏం లేదు బిడ్డా, చూడబుద్దయింది, పోయిన" అంటుంది.

టికెట్ డబ్బులు ఇన్నాళ్లూ చేసిన పని ఇదే. అవి ప్రయాణానికి కట్టే వెల మాత్రమే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. ఆడమనిషి ఎక్కడికి, ఎందుకు, ఎంతసేపు అని ఇంట్లో లెక్క అడిగే అవకాశం ఆ యాభై, వంద రూపాయల్లోనే ఉండేది. ఆ అవకాశం పోయింది. అందుకే కొందరికి ఇంత ఉక్రోషం. తెలంగాణలో జీరో టికెట్లు 2025 జూలైలోనే 200 కోట్లు దాటాయి. ప్రభుత్వం వాటిని రూపాయల్లోకి మార్చి ఇంత ఆదా అయిందని చెబుతోంది. ఎవరినీ అడగకుండా గడప దాటడాన్ని ఏ రూపాయల్లో లెక్కగడతారు?

2024లో బస్సులో కూర్చుని ఎల్లిగడ్డల (వెల్లుల్లి) పొట్టు తీస్తున్న మహిళల వీడియో ఫోన్లన్నీ చుట్టొచ్చింది. నవ్వినవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఆ వీడియోలో చేతులే కనిపించాయి. ఇంటి నుంచి బయటపడిన ఆ గంట కూడా వాటికి తీరిక లేదు. అదే బస్సులో ఒకాయన ఊరంతా వినేలా ఫోన్‌లో వీడియోలు చూస్తే ఎవరూ పట్టించుకోరు.

అభ్యంతరాలు లేవని కాదు. ఆటోవాళ్ల గిరాకీ పడిపోయింది, అది వాళ్ల కడుపు మీద దెబ్బే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 అక్టోబరులో డ్రైవర్లకు 15 వేల చొప్పున ఇచ్చారు. తెలంగాణలో ఏటా 12 వేలు ఇస్తామన్న ఎన్నికల హామీ కూడా మాట తప్పకుండా నిలబెట్టుకోవాలి. ఇక బస్సులు కిక్కిరిసిపోతున్నాయంటే, ఇన్నాళ్లూ ఇంతమంది ఇళ్లలోనే ఆగిపోయారని అర్థం. అందుకు బస్సులు పెంచాలి, మనుషుల్ని దించకూడదు.

మనిషి పనికోసమే బతకడు. పక్కమనిషిని చూడాలి, మాట్లాడాలి, ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలి. రాకపోకలు ఆగితే రక్తసంబంధమైనా పలచబడుతుంది. మగవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అందుకే ఊరి మధ్య రచ్చబండ కట్టుకున్నారు, సెంటర్లో టీకొట్టు పెట్టుకున్నారు. అక్కడ గంటలకొద్దీ కూర్చున్న మగవాణ్ని ఏం పనిమీద వచ్చావని ఎవరూ అడగరు. అదే చోట ఆడవాళ్లు నలుగురు కూర్చుంటే ఊరంతా తిరిగి చూస్తుంది. మన ఊళ్లలో ఆడవాళ్లు కలుసుకోవడానికి బోరింగు దగ్గరో, పొలంలోనో, గుడిలోనో ఏదో ఒక పని అడ్డం పెట్టుకోవాల్సిందే. ఇంటింటికీ నల్లా వచ్చాక బోరింగు దగ్గరి ముచ్చట కూడా పోయింది. ఇప్పుడు ఆ చోటు బస్సులో దొరికింది. పక్కసీట్లో కూర్చున్న తెలియని మనిషి పది కిలోమీటర్లు దాటేసరికి అక్క అవుతుంది. దిగేలోపు కూతురి సంబంధం దాకా మాట వెళ్తుంది.

బస్సు ఎక్కనిచ్చాం కాబట్టి బాధ్యత తీరిందనుకుంటే కుదరదు. మండల కేంద్రంలో బస్సు దిగిన ఆడమనిషికి కూర్చోవడానికి నీడ కావాలి, తలుపు గడియ పడే మరుగుదొడ్డి కావాలి, పసిబిడ్డకు పాలివ్వడానికి చాటు కావాలి. ఇక చాలా పల్లెలకు పొద్దుగూకితే బస్సే ఉండదు. చిన్నమ్మ చెల్లెలింట్లో సగం మాటలోనే లేచి వచ్చేయడానికి కారణం ఇదే. రాత్రి పల్లెలోనే ఆగి పొద్దున్నే బయల్దేరే నైట్‌హాల్ట్ బస్సుల్ని, ఆపేసినచోటల్లా, రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ మళ్లీ నడపాలి. వచ్చే బడ్జెట్లలో మొదటి పద్దు అదే కావాలి.