అడిగిన జబ్బు వేరు, కొలిచిన జబ్బు వేరు

అరుగు మీద కూర్చున్న పెద్దావిడను సర్వేకు వచ్చిన అమ్మాయి ‘బీపీ ఉందామ్మా?’ అని అడిగితే, ‘నాకేం రోగం తల్లీ, గుండ్రాయిలా ఉన్నాను’ అంటుంది. ఫారంలో ‘లేదు’ అని పడిపోతుంది. ఆవిడ చేతికి పట్టీ చుట్టి, కాసేపు ఊరికే కూర్చోబెట్టి, మూడుసార్లు చూస్తే మీటరు ఏం చెబుతుందన్నది వేరే సంగతి. ఏళ్ల తరబడి అవే గడపలు తొక్కే కుటుంబ సర్వేలు ప్రశ్నలతో సరిపెట్టుకోకూడదని, మనిషిని కొలిచి తీరాలని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఆ రెండింటి మధ్య ఉన్న తేడాయే.

అమర్త్య సేన్ 2002లో ఒక వైద్య పత్రికలో రాసిన చిన్న వ్యాసంలో ఈ చిక్కును ఎత్తి చూపారు. ఆయుర్దాయంలో అందరికంటే ముందున్న కేరళలో తమకు జబ్బుందని చెప్పేవారు చాలా ఎక్కువ. బిహార్‌లో చాలా తక్కువ. అమెరికాలోనైతే కేరళను మించి చెబుతారు. చదువుకుని, ఆస్పత్రి అందుబాటులో ఉన్నవారికే తమ జబ్బు పేరు తెలుస్తుంది. అంటే మనం జబ్బును లెక్కిస్తున్నామనుకుంటూ డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడో లెక్కిస్తున్నాం. ఆ లెక్కను నమ్మి నిధులు పంచితే, ఆస్పత్రి ఉన్న ఊరికే ఇంకో ఆస్పత్రి వస్తుంది.

45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా జనాన్ని 2017-18లో కలిసిన లాసీ సర్వే (వయసు పైబడుతున్నవారిని ఏళ్ల తరబడి గమనించే జాతీయ అధ్యయనం) అందుకే రక్తపోటుతో ఆగకుండా పిడికిలి బిగువు, నడక వేగం, ఊపిరి బలం కొలిచింది. వేలి చివర నుంచి తీసిన రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి ల్యాబుకు పంపింది. అయితే ఇలాంటి కొలతకు అసలు విలువ అదే మనిషిని మళ్లీ కొలిచినప్పుడే వస్తుంది. అందుకు సాక్ష్యం మన హైదరాబాద్ పక్కనే ఉంది. 1987-90లో నగరానికి దగ్గరలోని 29 పల్లెల్లో కొన్నింటిలో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారం అందింది, మిగతా వాటిలో అందలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్లవారయ్యాక, 2003-05లో పరిశోధకులు వారిని వెతికి పట్టుకుని కొలిచారు. ఆహారం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత (ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక మధుమేహానికి దారితీసే స్థితి), రక్తనాళాల బిరుసుదనం తక్కువగా కనిపించాయి. ‘నీ రక్తనాళాలు మెత్తగా ఉన్నాయా బాబూ?’ అని ఏ ప్రశ్నావళి అడగగలదు?

కొలతలోనూ తప్పులుంటాయన్నది నిజమే. వేలికి సూది గుచ్చాక మొదటి చుక్కను తుడిచేయాలి, వేలిని పిండకూడదు. పిండితే కణజాల ద్రవం కలిసి రక్తం పలచబడి, లేని రక్తహీనత ఉన్నట్టు కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతానికి, ఆరు నెలలు దాటిన అయిదేళ్లలోపు పిల్లల్లో 67.1 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలినప్పుడు వచ్చిన అభ్యంతరం ఇదే.

ఆ అభ్యంతరం న్యాయమైనదే గానీ, దానికి దొరికిన మందు విచిత్రమైనది. ఆరో విడత నుంచి ఆ పరీక్షనే తీసేసి, సిర నుంచి రక్తం తీసే వేరే సర్వేను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించారు. కొత్త పద్ధతి మేలైనదే కావచ్చు. కానీ కొన్నాళ్లపాటు రెండు పద్ధతులనూ పక్కపక్కన నడిపితే పాత అంకెల్లో ఎంత దోషముందో తేలేది, 1998-99 నుంచి వస్తున్న వరస తెగేది కాదు.

తెగిన వరస ఇదొక్కటే కూడా కాదు. పల్లె కుటుంబాల తిండిని తూచి, పిల్లల ఎత్తు, బరువు చూసిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఇదే సంస్థలో 1972లో మొదలై 2015లో మూతపడింది. నాలుగు దశాబ్దాలు పట్టిన కొలతను ఆపడానికి మన ప్రభుత్వాలకు ఒక ఉత్తర్వు చాలు. కొత్త సర్వేకు ఎంత డబ్బు పోసినా ఆ మధ్యలో పుట్టి పెరిగిన పిల్లలను వెనక్కి తెచ్చి కొలవలేం.