గీతలేగా అంటారు, సరిగ్గా చూడరు

నిన్న ఫోన్లో ఒక వుడ్‌కట్ (చెక్క మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ) చూపిస్తే మా బావ ఒక్క ముక్కలో తేల్చేశాడు. "స్కేలు పెట్టి గీసిన గీతలేగా, మా బుడ్డోడు కూడా గీస్తాడు." అప్పటికి ఊరుకున్నా గానీ లోపల ఉడుకుతూనే ఉంది.

ఆ బొమ్మ 1918 నాటిది. ఎడ్వర్డ్ వాడ్స్‌వర్త్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు చెక్కాడు. నీళ్లు తోడేసిన డాక్‌లో ఓడ, దాని ఒంటినిండా నలుపు తెలుపు పట్టీలు. ఆ పట్టీలు ఆయన ఊహించినవి కావు బాబూ, నిజంగా ఓడల మీద వేసినవే! మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని వరసపెట్టి ముంచుతుంటే, నార్మన్ విల్కిన్సన్ అనే సముద్ర చిత్రకారుడు ఒక ఉపాయం చెప్పాడు. పొగ కక్కే ఓడను ఎలాగూ దాచలేం, కనీసం ఇలాంటి పట్టీలు వేసి చూసేవాణ్ణి తికమక పెడదాం అని. టార్పెడోను ఓడ ఉన్నచోటికి కాదు, కాసేపటికి చేరబోయే చోటికి గురిపెట్టాలి. ముక్కు ఎటుందో, ఎంత వేగంతో పోతోందో తెలియకపోతే గురి తప్పుతుంది. లివర్‌పూల్, బ్రిస్టల్ రేవుల్లో ఆ రంగులు దగ్గరుండి వేయించింది ఈ వాడ్స్‌వర్తే. వాటివల్ల ఎన్ని ఓడలు బతికాయన్నది మాత్రం గట్టిగా తేలలేదు, అది వేరే సంగతి.

అసలు ఓడల మీద నీలం, ఆకుపచ్చ కూడా ఉండేవి. చెక్కలోకి వచ్చేసరికి ఆయన అవన్నీ వదిలేశాడు. వుడ్‌కట్ అంటే రబ్బరు స్టాంపు లాంటిదే. చెక్కకుండా వదిలిన చోటే ఇంకు అంటుతుంది, తీసేసిన చోటు తెల్లగా మిగులుతుంది. మధ్యలో బూడిద రంగుకు చోటు లేదు. ఉలి జారి ఒక పట్టీ ఎగిరిపోతే మళ్లీ అతికించలేం. బుడ్డోడు గీస్తాడట!

ఇంకో బ్యాచ్ ఉంది, త్రికోణం కనిపిస్తే చాలు "విశ్వ సామరస్యం" అంటూ మొదలుపెడతారు. రష్యా చిత్రకారుడు లిసిట్‌స్కీ తెల్ల వృత్తంలోకి దిగేసిన ఎర్ర త్రికోణం రష్యా అంతర్యుద్ధంలో శత్రువును కొట్టమని వేసిన పోస్టర్. అందులో సామరస్యం ఎక్కడుంది?

వాడ్స్‌వర్త్ 1919లో ఇలాంటి డాక్‌నే మూడు మీటర్ల ఎత్తున్న కాన్వాసు మీద రంగుల్లో వేశాడు. ఇప్పుడది కెనడాలోని ఒట్టావాలో ఉంది. గొప్పదే, కాదనను. కానీ నాకు ఆ చిన్న చెక్క ముక్కే ఎక్కువ. అందులో ఓడ ఎక్కడ అయిపోయి రేవు ఎక్కడ మొదలైందో చెప్పమని బావకు మళ్లీ పంపా. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.