గుర్తుచేయడం వేరు, కవరేజీ చెప్పడం వేరు
వర్చువల్ అసిస్టెంటు, అంటే దూరం నుంచే ఆన్‌లైన్‌లో ఆఫీసు పనులు చేసిపెట్టే మనిషి, చేరితే బీమా ఏజెంటు ఇక అమ్మకాలే చూసుకోవచ్చని ఒక వ్యాసంలో రాశారు. బీమా ఏజెంటునైన నాకు మాత్రం అసిస్టెంటు చేరిన మొదటి మూడు నెలలు పని రెట్టింపయింది. పద్ధతులన్నీ నా తలలోనే ఉన్నాయి, కాగితం మీద ఒక్కటీ లేదు మరి! అవి రాసిచ్చాక రెన్యువల్ గడువులు గుర్తుచేయడం, చిరునామా మార్పులు, క్లెయిము పత్రాల సేకరణ చక్కగా సాగాయి. ఒకసారి మాత్రం ఒక ఖాతాదారు తన ఇంటి పాలసీ కిందికి వరద నష్టం వస్తుందా అని అడిగితే, మా అసిస్టెంటు అమ్మాయి మంచి మనసుతోనే 'వస్తుందండీ' అనేసింది. రాదు, మినహాయింపుల జాబితాలో స్పష్టంగా ఉంది. లైసెన్సు లేనివారు కవరేజీపై, అంటే ఏ నష్టం పాలసీ కిందికి వస్తుందన్న దానిపై, సలహా ఇవ్వకూడదన్న నిబంధన చాలా చోట్ల ఉంది. మాట ఎవరు జారినా జవాబు చెప్పుకోవలసింది ఏజెన్సీయే. ఇప్పుడు అలాంటి ప్రశ్న ఏది వచ్చినా ఫోను నేరుగా నాకే కలుపుతుంది.